మోడ్‌లెస్ డైలాగ్: టెంప్లేట్ రిసోర్స్‌లోనా, మెమరీలోనా?

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు కాటా దగ్గర నడిచే విండోస్ ప్రోగ్రామ్‌లో, లారీ తూకం కనబడుతుండగానే ధాన్యం వివరాలు నింపేందుకు మోడ్‌లెస్ డైలాగ్ (తెరిచి ఉన్నా ప్రధాన విండోను ఆపని చిన్న విండో) కావలసి వచ్చింది. టెంప్లేట్‌ను, అంటే డైలాగ్‌లో ఏ గడి ఎక్కడ ఉండాలో చెప్పే నమూనాను, రిసోర్స్ ఫైలులో (ప్రోగ్రామ్‌తో కలిపి కంపైల్ చేసే ఫైలు) ఉంచి క్రియేట్‌డైలాగ్‌పారమ్ అనే విండోస్ ఫంక్షన్‌తో తెరవడం సులభం. బైట్ల అమరికను రిసోర్స్ కంపైలరే చూసుకుంటుంది. అయితే ధాన్యం రకాన్ని బట్టి గడుల సంఖ్య మారుతుంటే, టెంప్లేట్‌ను మెమరీలోనే కూర్చి క్రియేట్‌డైలాగ్‌ఇండైరెక్ట్‌పారమ్ ఫంక్షన్‌కు అందించడమే నా దృష్టిలో మేలు. అసలు శ్రమ ఆ కూర్పులోనే ఉంది: ప్రతి కంట్రోల్ (గడి, బటన్ వంటిది) వివరణ 4 బైట్ల హద్దు మీదే, అంటే 4తో భాగించబడే చిరునామా దగ్గరే మొదలవ్వాలి, పేర్లన్నీ యూనికోడ్‌లోనే ఉండాలి, ఈ హద్దు తప్పితే డైలాగ్ తెరుచుకోకపోవచ్చు (నాకు ఒక సాయంత్రమంతా దానికే పోయింది). క్రియేట్‌డైలాగ్‌ఇండైరెక్ట్‌పారమ్ ముగియగానే టెంప్లేట్ ఉన్న మెమరీని విడుదల చేయవచ్చు. ఏ పద్ధతిలోనైనా ట్యాబ్ మీట పనిచేయాలంటే మెసేజ్ లూప్‌లో (విండోస్ పంపే సందేశాలను వరుసగా అందుకునే లూప్) ఈజ్‌డైలాగ్‌మెసేజ్ ఫంక్షన్‌ను పిలవాలి. మూయడానికి ఎండ్‌డైలాగ్ కాక డిస్ట్రాయ్‌విండో వాడాలి.