చీకటి పడని చిన్న ప్రొజెక్టర్: అక్టోబరంతా దెయ్యం సినిమాలు వేసి చూశాక

నేను 31 ఏళ్ళు సినిమా హాళ్ళలో ఆపరేటర్‌గా చేశాను. బెజవాడ గాంధీనగరంలో ఒక హాలు, తర్వాత వన్‌టౌన్‌లో ఇంకోటి. మొదటిది ఇప్పుడు లేదు. రెండోదాంట్లో డిజిటల్ వచ్చాక కేబిన్‌లో మనిషికి మిగిలిన పని బటన్ నొక్కడమే, దానికి ఇద్దరెందుకన్నారు, ఇంటికొచ్చేశాను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసేదాంట్లో పాత మనిషి సణుగుడు కొంత ఉంటుంది. అది తీసేసి చదువుకోండి.

మా అమ్మాయి కొడుకు కానూరులో బీటెక్ చదువుతూ సత్యనారాయణపురంలో మా దగ్గరే ఉంటాడు. సెప్టెంబరు చివర ఆఫర్ ఉందని 8,990 రూపాయలు పెట్టి ఈ చిన్న ప్రొజెక్టర్ డబ్బా తెప్పించాడు. ఎందుకురా అంటే, "అక్టోబరు 31 హాలోవీన్, దెయ్యాల పండగ తాతయ్యా. అమెరికాలో నెలంతా హారర్ సినిమాలే చూస్తారు. మనమూ చూద్దాం" అన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. కొండ మీద అమ్మవారి నవరాత్రులు జరుగుతుంటే ఇంట్లో దెయ్యాలేమిటని ఆవిడ బాధ. చివరికి రాజీ కుదిరింది: దసరా వెళ్ళాకే మొదలు, దీపావళి నాడు, నాగుల చవితి నాడు సెలవు. అలా నెల మొత్తం మీద 17 సినిమాలు చూశాం. వాటిలో సగం చెత్త, అది ప్రొజెక్టర్ తప్పు కాదు.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే ఆకారం, ఇదే తిరిగే స్టాండు నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు. మీరు కొనేదీ ఇలాంటిదే అయ్యుంటుంది.

పెట్టె మీద వెలుగు 12,000 ల్యూమెన్లు అని కొట్టొచ్చినట్టు రాశారు. చదివి నవ్వొచ్చింది. మా హాల్లో 2,000 వాట్ల జెనాన్ ల్యాంపు ఉండేది. దానికి వేరే గొట్టం పెట్టి వేడిని పైకప్పు మీంచి బయటికి పంపేవాళ్ళం. అరచేతిలో పట్టే ఈ డబ్బాలోంచి అంత వెలుగొస్తే గోడకి సున్నం ఊడాలి. లోపలి కాగితం వెతికితే చిన్న అక్షరాల్లో దొరికింది: 200 ఆన్సి (అమెరికా ప్రమాణాల సంస్థ) ల్యూమెన్లు. చూడాల్సిన అంకె ఇది. తెరను తొమ్మిది గళ్ళుగా చేసుకుని, ఒక్కో గడి మధ్యలో మీటరు పెట్టి కొలిచి, సగటు తీసి, తెర వైశాల్యంతో గుణిస్తే వచ్చేది ఆన్సి లెక్క. పక్కన ఆ మాట లేని ల్యూమెన్లు ఎన్ని వేలున్నా అమ్మేవాడి నోటిమాటే. అలాగే "4కె సపోర్ట్" అని ఉంటుంది. 4కె ఫైలు ఇస్తే మింగుతుందని అర్థం, గోడ మీద పడేది మాత్రం 1280 బై 720 చుక్కలే.

మాది పది బై పన్నెండు గది. గోడకి తొమ్మిదడుగుల దూరంలో పెడితే వంద అంగుళాల బొమ్మ వచ్చింది, అంటే ఏడడుగుల పైచిలుకు వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. మావాడు దాన్ని ఓ మూల బీరువా మీద పెట్టి, వాలుగా పడిన బొమ్మని ఆటో కీస్టోన్‌తో సరిచేశాడు. చూడ్డానికి భలే ఉంది, బొమ్మ దానంతటదే నాలుగు మూలలూ సర్దుకుంది. కానీ ఆ సర్దడంలో ఉన్న కాసిని చుక్కల్లో కొన్ని పోతాయి, పైగా బొమ్మ చుట్టూ మసక వెలుగు చట్రంలా మిగులుతుంది. నేను కీస్టోన్ ఆపేసి, మా ఆవిడ పప్పుల డబ్బాలు రెండు తిరగేసి, వాటి మీద డబ్బాని గోడకి ఎదురుగా నిలబెట్టాను. అక్షరాలు వెంటనే పదునెక్కాయి. కేబిన్‌లో నేర్చుకున్నది ఇన్నేళ్ళకి పప్పు డబ్బాల మీద పనికొచ్చింది.

ఇక అసలు సంగతి. దెయ్యం సినిమా నలుపు మీద బతుకుతుంది. నలుపుని ఏ ప్రొజెక్టరూ గోడ మీద వేయలేదు, వెలుగు పడనివ్వకుండా ఆపగలదంతే. ఈ చౌక డబ్బాల్లో ఒక ఎల్‌సిడి పలక, దాని వెనక ఎల్‌ఈడి దీపం ఉంటాయి. బొమ్మలో చిమ్మచీకటి ఉన్నా వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. పలక ఆపగలిగినంత ఆపుతుంది, తక్కినది గోడ మీదికి కారుతుంది. అందుకే ఇందులో అర్ధరాత్రి స్మశానం కూడా తెల్లారుజామున నాలుగున్నరకి బకింగ్‌హామ్ కాలువ ఉన్నట్టు బూడిదరంగులో ఉంటుంది.

మొదటి రాత్రే తెలిసిపోయింది. మావాడు పేరుకి తగ్గట్టు 1978లో జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్' పెట్టాడు. అందులో హంతకుడి ముసుగు షాపులో కొన్న 'స్టార్ ట్రెక్' హీరో కెప్టెన్ కర్క్ ముసుగేనట, తెల్లరంగు కొట్టి వాడారు. ఒకచోట హీరోయిన్ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని ఏడుస్తుంటుంది, ఆమె వెనక గుమ్మమంతా నల్లగా ఉంటుంది. ఆ నలుపులోంచి తెల్ల ముసుగు నెమ్మదిగా, ఎప్పుడు మొదలైందో తెలియకుండా తేలుతుంది. కెమెరామన్ డీన్ కండీ ముసుగు మీద చిన్న దీపం పెట్టి, కొంచెం కొంచెంగా వెలుగు పెంచి తీశాడు. చేసిందల్లా అంతే. మా గోడ మీద ఆ గుమ్మం ముందు నుంచే బూడిదగా ఉంది కాబట్టి, ముసుగు ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలియలేదు. మా ఆవిడ అయితే "వెనక ఏదో మరకలా ఉంది, గోడ తుడవలేదా?" అంది.

సినిమా ఆపించేశాను. మర్నాడు వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్ళాను. అయ్యప్ప మాలలవాళ్ళ కోసం నల్లబట్ట అప్పటికే దింపుతున్నారు. నాలుగు మీటర్లు తెచ్చి, నాలుగు ముక్కలు చేసి, బొమ్మ అంచుకి తగిలేలా చుట్టూ బిగించాను. హాల్లో తెర చుట్టూ నల్ల అంచు మీరు చూసే ఉంటారు, మేం దాన్ని మాస్కింగ్ అంటాం. అంచు దాటి కారే మసక వెలుగుని ఆ నలుపు మింగేస్తుంది, బొమ్మ అంచు పదునుగా తేలుతుంది. తర్వాత బొమ్మలో కారే వెలుగు తగ్గాలని డబ్బాలో బ్రైట్‌నెస్ సగానికి దించాను. మావాడు లబలబలాడాడు, కొన్న వెలుగంతా వాడుకోవాలి కదా అని. కిటికీకి దుప్పటి, తలుపు కింద గోనెపట్టా, టీవీ స్టాండు మీది ఎర్ర దీపానికి బొట్టుబిళ్ళ. అన్నీ అయ్యాక అదే సీన్ మళ్ళీ వేశాం. ఈసారి మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. బట్టకి అయిన ఖర్చు ప్రొజెక్టర్ ధరలో పదో వంతు కూడా లేదు.

సౌండు గురించి ఎక్కువ చెప్పను. లోపలి స్పీకరు పెళ్ళిలో మైకు టెస్టింగులా ఉంటుంది. బ్లూటూత్ స్పీకరు కలిపితే శబ్దం బొమ్మ కంటే క్షణం వెనకబడుతుంది. మాటల సినిమాలో ఓర్చుకోవచ్చు. దెయ్యం సినిమాలో మాత్రం తలుపు దబాలున పడి, మనం చూసి, ఊపిరి పీల్చుకున్నాక "ధన్" మంటుంది. ఎవడు భయపడతాడు? రెండు వందల రూపాయల వైరుతో పాత హోమ్ థియేటర్‌కి కలిపాం, సమస్య పోయింది. యాప్‌లూ అంతే. ఈ డబ్బాకి అనుమతి పత్రాలు సరిగా లేవో ఏమో, లోపల ఉన్న ఓటీటీలో బొమ్మ మసకగానే వచ్చేది. టీవీకి పెట్టే స్టిక్ తీసి దీనికి గుచ్చితే బాగుపడింది.

ఒక విషయం పెట్టె మీద ఎవరూ రాయరు: పురుగులు. వానలు పడిన అక్టోబరులో బెజవాడలో చీకటిగదిలో ఒక్కటే దీపం ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కిటికీకి దుప్పటి కట్టినా దీపం పురుగులు ఎలాగో దూరతాయి. ఒకటి సరిగ్గా లెన్సు ముందుకొచ్చింది. హీరోయిన్ మొహం మీద మూడడుగుల మసక నీడ పాకింది. నెలంతా చూసిన 17 సినిమాల్లో మావాడు నిజంగా కేక పెట్టింది అప్పుడొక్కసారే.

ఈ డబ్బా పూర్తిగా నెగ్గిన రాత్రి ఒకటుంది. 1922 నాటి జర్మన్ మూకీ 'నోస్ఫెరాటు' వేశాం, ముర్నౌ తీసినది. నలుపు తెలుపుల సినిమా కాబట్టి చౌక రంగుల బాధ లేదు. దెయ్యం నీడ వంగిన చేతులతో గోడ వెంబడి మెట్లెక్కే సీను మా సున్నం గోడ మీద ఏడడుగుల వెడల్పున పడితే, నీడ నిజంగా మా గోడ మీదే నడిచినట్టుంది. ఇంకో చిత్రం, ఈ డబ్బాలో ఫ్యాను గుయ్యిమని మోగుతూ ఉంటుంది. మిగతా సినిమాల్లో తల తినేసిన ఆ మోత మూకీలో కేబిన్ మోతలా వినిపించి, నాకు మాత్రం హాయిగా ఉంది. 'డ్రాక్యులా' నవల హక్కులు అడక్కుండా తీశారని రచయిత భార్య కేసు వేస్తే, ప్రింట్లన్నీ నాశనం చేయమని కోర్టు చెప్పిందట. ఎక్కడెక్కడో మిగిలిన ప్రింట్లతో సినిమా బతికింది. అందులో ఏ ఊరి ఆపరేటరో ఒక రీళ్ళ పెట్టెని బల్ల కిందికి తోసేసి ఉంటాడని నా ఊహ. మేమైతే తోసేవాళ్ళం.

28వ తేదీ మొంథా తుపాను. పొద్దున్నుంచీ వాన, కాలేజీలకి సెలవు. సాయంత్రానికి మా వీధిలో కరెంటు పోయింది. ఈ డబ్బా తినేది డెబ్బై వాట్లలోపే, ఇన్వర్టర్ మీద ఒక ఫ్యానులా నడిచిపోయింది. వైఫై లేదు, ఫోన్ నెట్ మీద లాగాం. ఆ రాత్రి నా వంతు, 'రాత్రి' పెట్టమన్నాను. 1992లో రామ్‌గోపాల్ వర్మ తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి తీశాడు, రేవతి చేసింది. వర్మ ఇక్కడే కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివాడంటే మావాడికి ఉత్సాహం వచ్చింది, చదువు మీద కాదనుకోండి.

ఆ సినిమాని నేను కేబిన్ కంతలోంచి లెక్కలేనన్నిసార్లు వేశాను కానీ కూర్చుని చూడలేదు. ఆపరేటర్ తెరని చూసేది ఫోకస్ కోసం, రీలు మార్చమని తెర మూలన వచ్చే చుక్క కోసం. మిగతా టైమంతా జనం తలల్నే చూస్తాడు. ఎక్కడ తలలు ఒక్కసారిగా కిందికి దిగుతాయో, ఎక్కడ బాల్కనీలో కుర్రాళ్ళు భయం కప్పుకోవడానికి ఈల వేస్తారో నాకు నిమిషాలతో సహా గుర్తుంది. ఆ రాత్రి కూడా అదే చేశాను. బయట గాలి రేకుల్ని లేపుతోంది, నేను గోడ వదిలేసి వీళ్ళిద్దర్ని చూస్తున్నాను. మావాడు సరిగ్గా ఆ చోటే తల దించాడు. మా ఆవిడ దించలేదు. "ఎన్నిసార్లు చూశానో. నీకు క్యారియర్ పట్టుకొచ్చినప్పుడల్లా వెనక తలుపు దగ్గర నిలబడేదాన్ని" అంది. 33 ఏళ్ళకి తెలిసింది ఈ ముక్క.

క్లైమాక్స్‌కి ముందు తెర మధ్యలో "కొత్త అప్‌డేట్ ఉంది, ఇప్పుడే ఇన్‌స్టాల్ చేయాలా?" అని డబ్బా అడిగింది. మా రోజుల్లో అక్కడ రీలు తెగితే కుర్చీలు విరిగేవి.

కొనాలా వద్దా అంటే, పగలు చూద్దామనుకునేవాళ్ళు వద్దు, ఆ డబ్బుకి టీవీ మేలు. రాత్రిపూట, గది మొత్తం మూసుకోగలిగితే, నల్లబట్టకీ వైరుకీ ఇంకో వెయ్యి పెట్టే ఓపిక ఉంటే తీసుకోండి. ఆన్సి అంకె చెప్పని డబ్బా మాత్రం ఎంత చౌకైనా ముట్టుకోవద్దు. అయిదుకి మూడు ఇస్తున్నాను. నల్లబట్ట లేకపోతే రెండు.

31న చివరి సినిమా అయ్యాక మావాడు దాన్ని పెట్టెలో సర్దబోతూ బొమ్మలో ఒక మచ్చ చూపించాడు, పైన ఎడమవైపు కందిగింజంత. లోపలికి దుమ్ము పోయింది, ఇలాంటి డబ్బాల్లో అది మామూలే. తెల్లటి సీన్లలో చక్కగా, కాటుకలా నల్లగా కనిపిస్తోంది. ఈ డబ్బా నెలరోజుల్లో చూపించిన అచ్చమైన నలుపు అదొక్కటే. విప్పి తుడుద్దామంటే స్క్రూల మీది స్టిక్కరు చిరిగితే వారంటీ పోతుందంటాడు. స్క్రూడ్రైవర్ నా దగ్గరుంది, వారంటీ కార్డు వాడి దగ్గరుంది. ప్రస్తుతానికి డబ్బా బీరువా మీద ఉంది.