ఫజ్ పెడల్ కిట్: సరుకు బాగుంది, కాగితమే ముంచింది

గిటార్‌కి ఫజ్ పెడల్ (శబ్దాన్ని గరుగ్గా మార్చే, కాలితో నొక్కే డబ్బా) సొంతంగా చేసుకుందామని ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించాను. రెండు వేలకు కాస్త తక్కువ పడింది. అమ్మినవాళ్ల పేరు రాయను. వాళ్లు పంపిన సరుకులో పెద్దగా లోపం లేదు, దాంతో పంపిన సూచనల కాగితంలో ఉంది. నా మార్కులు ఐదుకి మూడు.

నేను విజయవాడలో ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు రిపేరు చేస్తాను. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాను. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ రోజూ చేతిలో ఉండేవే. ఇదంతా ఎందుకంటే, కిట్ కవర్ మీద ‘కొత్తవాళ్లకు కూడా, ఒక్క సాయంత్రంలో’ అని వేశారు. సర్క్యూట్ బోర్డు మొహం ఎప్పుడూ చూడని కుర్రాడు దీన్ని కొంటే ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో నాకు బాగా అర్థమైంది.

సర్క్యూట్ పాతదే. 1966లో లండన్‌లో అర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్. రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కాళ్ల దగ్గర కనిపించే గుండ్రటి డబ్బా అదే. లోపల రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్లు (తిప్పే నాబ్‌లు), అంతే. మొదట్లో జర్మేనియంతో చేసిన ట్రాన్సిస్టర్లు వేసేవారు, తర్వాత సిలికాన్‌కి మారారు. ఈ కిట్ సిలికాన్ రకం. ఇంత చిన్న సర్క్యూట్‌లో తప్పు పట్టడం ఎంతసేపు అనిపిస్తుంది. ట్రాన్సిస్టర్‌కి ఎమిటర్, బేస్, కలెక్టర్ అని మూడు కాళ్లు. కానీ ఇందులో రెండో ట్రాన్సిస్టర్ ఎమిటర్ నుంచి మొదటిదాని బేస్‌కి లక్ష ఓముల రెసిస్టర్ వెనక్కి వస్తుంది. అందువల్ల ఒకటి పడుకుంటే రెండోదాన్నీ పడుకోబెడుతుంది. మీటరు ఎక్కడ పెట్టినా తేడాగానే కనిపిస్తుంది, దొంగ ఎవరో తెలియదు.

డబ్బా గురించి మంచి మాట చెప్పాలి. అల్యూమినియం బాక్సుకి రంధ్రాలు కొలతగా కొట్టి ఉన్నాయి, జాకులు బిగువుగా కూర్చున్నాయి. బోర్డు మీద అతుకు వేసే ప్యాడ్లు పెద్దవి, సోల్డర్ చక్కగా పట్టింది. పైగా 8.2కె (8,200 ఓముల) రెసిస్టర్ బదులు ట్రిమ్మర్ (తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టర్) ఇచ్చారు, ఇది తెలివైన పని. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర నాలుగున్నర వోల్టులు, అంటే 9 వోల్టుల్లో సగం వచ్చేదాకా ట్రిమ్మర్ తిప్పుకుంటే చాలు. ఈ ముక్క మాత్రం కాగితంలో లేదు. ట్రిమ్మర్‌ని ‘నచ్చినట్టు సెట్ చేసుకోండి’ అన్నారు.

బిగించాను. స్విచ్ నొక్కకముందు గిటార్ శుభ్రంగా వినిపించింది. నొక్కితే లైటు వెలిగింది, శబ్దం మాత్రం పోయింది. గట్టిగా మీటితే ఎక్కడో చిరిగిన సన్నటి గీర ఒకటి వచ్చి ఆగిపోయేది. ఇలాంటప్పుడు ఏం చేయాలో కాగితంలో చివరి లైను చెబుతుంది: ‘పని చేయకపోతే కనెక్షన్లు మరోసారి చూసుకోండి.’ ధన్యవాదాలు!

కాగితం చెప్పనిది నేను చెబుతాను. బైపాస్‌లో, అంటే స్విచ్ నొక్కకముందు, గిటార్ వినిపిస్తోంది కాబట్టి రెండు జాకులూ, కేబుళ్లూ, స్విచ్‌లో ఆ వరసా బాగానే ఉన్నట్టు. లైటు వెలిగింది కాబట్టి కరెంటు బోర్డు దాకా వస్తోంది. ఇక మిగిలింది బోర్డే. చాలామంది ఇక్కడే కంగారుపడి ప్రతి అతుకూ మళ్లీ వేడి చేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు, ముఖ్యంగా తొమ్మిది కాళ్ల ఫుట్ స్విచ్ మీద. వేడి ఎక్కువైతే లోపలి ప్లాస్టిక్ మెత్తబడి మంచి స్విచ్ కూడా పోతుంది.

దీనికి ఆడియో ప్రోబ్, అంటే శబ్దం బోర్డులో ఎక్కడిదాకా వస్తోందో వినిపించే తీగ, కట్టుకోవాలి. పాత గిటార్ కేబుల్ ఒక కొస కోసి, లోపలి తీగకి పాయింట్ వన్ మైక్రోఫారాడ్ కెపాసిటర్ అతికించాలి. పైన అల్లిక తీగకి మొసలి క్లిప్పు వేసి బోర్డు గ్రౌండ్‌కి పట్టించాలి. రెండో కొస యాంప్‌కి. యాంప్ వాల్యూమ్ బాగా తగ్గించి, పెడల్ ఆన్‌లో ఉంచి, గిటార్ ఎవరినైనా వాయించమని కెపాసిటర్ కాలుతో వరసగా ముట్టుకుంటూ పోవాలి. మా ఇంట్లో ఆ పని మా చిన్నోడు చేశాడు. వాడికి వచ్చింది ఒకే తీగ వాయించడం, దానికి అదే చాలు.

ఇన్‌పుట్ కెపాసిటర్ ముందు గిటార్ శబ్దం ఉంది. దాని తర్వాత, మొదటి ట్రాన్సిస్టర్ బేస్ దగ్గరా ఉంది. కలెక్టర్ దగ్గరికి వచ్చేసరికి బాగా పెరగాలి, పెరగలేదు. మీటరు పెట్టి చూస్తే రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ ఒక వోల్టు దగ్గర అతుక్కుపోయి ఉంది, ట్రిమ్మర్ ఎంత తిప్పినా నాలుగున్నర దరిదాపుల్లోకి రాదు. రెసిస్టర్లన్నీ వేసేముందే కొలిచాను. నీలం రంగు ఐదు గీతల రెసిస్టర్లలో 470 ఓములకీ 4.7కె కీ తేడా ఒక్క గీతే, కంటితో నమ్మలేం. డ్రై సోల్డర్, అంటే సరిగా అంటని అతుకు, లేదు. ఇక మిగిలినవి ట్రాన్సిస్టర్లు.

భూతద్దం తెచ్చి వాటి మీద అక్షరాలు చదివాను. 2ఎన్3904. బోర్డు మీద అచ్చు వేసిన బొమ్మ బీసీ547 అనే వేరే రకానికి. చదునైన వైపు మనకి ఎదురుగా, కాళ్లు కిందికి పెట్టుకుంటే బీసీ547 కాళ్లు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904 కి ఎమిటర్, బేస్, కలెక్టర్. సరిగ్గా తిరగేసినట్టు. బొమ్మ ప్రకారం పెడితే రెండూ వెనక్కి కూర్చుంటాయి. వెనక్కి కూర్చున్న ట్రాన్సిస్టర్ పూర్తిగా చావదు, గెయిన్ (శబ్దాన్ని పెంచే శక్తి) మాత్రం దాదాపు పోతుంది. అందుకే ఆ చిరిగిన గీర.

బేస్ ఎలాగూ మధ్యలోనే ఉంది కాబట్టి రెండింటినీ పీకి, సగం చుట్టు తిప్పి పెట్టాను. ట్రిమ్మర్ కొంచెం తిప్పగానే నాలుగున్నర వోల్టులు వచ్చాయి.

అమ్మినవాళ్లకి వాట్సాప్ పెడితే మొదట ‘కనెక్షన్స్ చెక్ చేయండి సార్’ అనే వచ్చింది. తర్వాత పూర్తయిన పెడల్ ఫొటో ఒకటి పంపారు. అందులో ఉన్నవి బీసీ రకం! అది చూపించి అడిగితే అప్పుడు చెప్పారు: ‘ఆ ట్రాన్సిస్టర్ స్టాక్ అయిపోయింది సార్, ఇది కూడా సేమే.’ స్టాక్ అయిపోవడం తప్పు కాదు. మార్చినప్పుడు డబ్బాలో ఒక చీటీ వేయడానికి ఎంత ఖర్చు? ఆ చీటీ లేక ఎంతమంది కిట్ పాడైందనుకుని అటక మీద పడేశారో. ఒక మార్కు అక్కడ కోశాను.

రెండో మార్కు చిన్న చిన్నవాటికి. ట్రాన్సిస్టర్లకి సాకెట్ ఇవ్వలేదు. ఐసీ బేస్ (చిప్పులు గుచ్చే సాకెట్) కోసి మూడేసి కాళ్లు వాడుకుంటే పీకే బాధ ఉండదు, అయ్యేది కొద్ది రూపాయలే. పాట్ల వీపు బోర్డు అతుకులకి తగిలేంత దగ్గరగా ఉంది, మధ్యలో ఇన్సులేషన్ టేప్ వేయకపోతే మూత బిగించగానే శబ్దం పోతుంది. అడాప్టర్ తిరగేస్తే అడ్డుకునే డయోడ్ లేదు. పెడళ్లకి లోపలి పిన్ను మైనస్ ఉన్న 9 వోల్టుల అడాప్టర్ కావాలి. ఇంట్లో దొరికే వైఫై రూటర్ అడాప్టర్లలో చాలావాటికి లోపల ప్లస్ ఉంటుంది, అది గుచ్చితే అంతే సంగతులు. నేను సిరీస్‌లో 1ఎన్5817 డయోడ్ వేసుకున్నాను.

ఇంకోటి. ఫజ్ పూర్తిగా తిప్పితే, గిటార్ ముట్టుకోకుండానే సన్నగా ఆకాశవాణి వార్తలు వినిపించాయి. సిలికాన్ ఫజ్‌లకి ఈ జబ్బు ఉన్నదే. మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కీ కలెక్టర్‌కీ మధ్య 100 పీఎఫ్ కెపాసిటర్ పెడితే వార్తలు ఆగిపోయాయి. మా నాన్నగారు మాత్రం ఉంచమన్నారు.

శబ్దం సంగతికొస్తే, ఆ మూడు మార్కులూ దీనివల్లే. మందంగా, గరుగ్గా, గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే దాదాపు శుభ్రంగా మారిపోయే పాత ఫజ్ ఫేస్ స్వభావం ఇందులో ఉంది. గిటార్ తర్వాత మొదటి పెడల్‌గా ఇదే ఉండాలి. ముందు బఫర్ (సిగ్నల్‌ని బలపరిచే సర్క్యూట్) ఉన్న పెడల్ పెడితే కీచుమంటుంది, గిటార్ వాల్యూమ్‌కి లొంగదు. చర్చిలో ఆరాధన పాట మధ్యలో ఒక చోట వాడాను. పాస్టరుగారు ఏమీ అనలేదు, సౌండ్ చూసే తమ్ముడు మాత్రం స్పీకరు చిరిగిందని పరుగెత్తుకొచ్చాడు.

కొనొచ్చా అంటే, మీటరు చేత పట్టగలిగితే కొనండి. డబ్బా విప్పగానే ట్రాన్సిస్టర్ మీద అక్షరాలు చదివి, దాని డేటాషీట్‌లో కాళ్లు చూసుకున్నాకే ఐరన్ వేడి చేయండి. బ్యాటరీతో వాడేవాళ్లు వాయించడం అయ్యాక ఇన్‌పుట్ జాక్ నుంచి కేబుల్ తీసేయాలి. స్టీరియో జాక్ వల్ల కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, లైటు ఆరి ఉన్నా సరే. కాగితంలో ఇదీ లేదు.