‘భక్తి’ అని కొట్టి చూస్తే: ఆంధ్రభారతి నిఘంటుశోధన

నిఘంటువు సత్తా తెలియాలంటే అందరికీ తెలుసనుకునే మాట ఇచ్చి చూడాలి. ‘భక్తి’ అలాంటిది. రోజూ గుడి మైకులో వింటాం, టీవీలో చూస్తాం. అర్థం అడిగితే మాత్రం ‘దేవుడంటే ప్రేమ’ దగ్గరే ఆగిపోతాం. అక్కణ్ణుంచి ముందుకు తీసుకెళ్లడంలో ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటుశోధన అంత పనికొచ్చేది తెలుగులో అరుదు. డబ్బు కట్టక్కర్లేదు. ఒక్క పెట్టెలో మాట కొడితే బ్రౌణ్యం (బ్రౌన్ నిఘంటువు), శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్రం లాంటి నిఘంటువులు ఆ మాటకు ఏం రాశాయో ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఇంట్లో ఇన్ని బరువైన సంపుటాలు పెట్టుకుని పేజీలు తిప్పినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

మొదటి ఇబ్బంది టైపింగులోనే వస్తుంది. మనవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఈ మాట రాసేటప్పుడు ‘టి’ పక్కన ‘హెచ్’ కూడా పెడతారు. లిప్యంతరీకరణ పద్ధతిని కచ్చితంగా పాటించేచోట అది ‘భక్థి’ అవుతుంది, మాట దొరకదు. హెచ్ తీసేస్తే సరి. అంతకన్నా నేరుగా తెలుగు లిపిలో కొట్టడం మేలు. రెండో ఇబ్బంది పాత వర్ణక్రమం. 1885 నాటి శబ్దరత్నాకరంలో ‘భక్తం’ ఉండదు, ‘భక్తము’ ఉంటుంది. భక్తుడికి అరసున్న ఉంటుంది: భక్తుఁడు. సున్నాతో ముగిసే ఏ మాటైనా దొరకనప్పుడు ‘ము’ పెట్టి మళ్లీ వెతకాలి.

ఫలితంలో ‘సం. వి. ఇ. స్త్రీ.’ లాంటి పొడి అక్షరాలు చూసి దాటేయకండి. సంస్కృత పదం, విశేష్యం (నామవాచకం), ఇకారాంతం, స్త్రీలింగం అని దానర్థం. ‘దే.’ అంటే దేశ్యం, అచ్చంగా మన నేలమీది మాట. ‘వై.’ అంటే వైకృతం, వేరే భాష మాట రూపం మారి తెలుగైనది. ఇక భక్తికి సేవ, భాగం అనే అర్థాలు కనపడితే అచ్చుతప్పు అనుకోవద్దు. ధాతువు ‘భజ్’. పంచుకోవడం, పాలుపొందడం, సేవించడం దాని అర్థాలు. భాగం, విభాగం, విభక్తి అన్నీ ఆ ఇంటివే. భక్తం అంటే పంచిన వాటా, వండిన అన్నం కూడా. బిసిబేళబాత్‌లోని ‘బాత్’ ఆ భక్తమే. దేవుడి ముందు కళ్లు మూసుకోవడం కన్నా దేవుడితో పాలు పంచుకోవడమే ఈ మాటకు పాత అర్థం.

సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ‘భక్తిః’ అని ఒక సూత్రం రాసి (4.3.95), ఎవరికి దేనిమీద భక్తి ఉందో దాన్నిబట్టి పేరెలా పుడుతుందో చెప్పాడు. వ్యాఖ్యాతలిచ్చిన ఉదాహరణల్లో ‘ఆపూపికుడు’ ఉన్నాడు, అంటే అప్పాలంటే ప్రాణం పెట్టేవాడు. మూడు సూత్రాల తర్వాత వాసుదేవుడి మీద భక్తి ఉన్నవాడు వస్తాడు. పిండివంటకీ దేవుడికీ అప్పట్లో ఒకే మాట సరిపోయింది. వేమన ‘భక్తి గలుగు కూడు పట్టెడైనను చాలు’ అన్నప్పుడు కూడా ఆ భక్తి వడ్డించే చేతిలో ఉన్నదే.

‘భక్తి’తో ఆపకుండా ‘బత్తి’ అని కూడా వెతకాలి. భక్తికి వికృతి అది, భక్తుడికి బత్తుడు. పాత పద్యాలు, కీర్తనలు చదివేవాళ్లకు ఇది తప్పనిసరి. ఇక్కడే చాలామంది పొరబడతారు. అగరుబత్తిలోని బత్తికీ దీనికీ చుట్టరికం లేదు. అది సంస్కృత ‘వర్తి’ నుంచి హిందీ మీదుగా వచ్చింది, మన ‘వత్తి’కి తోబుట్టువు. పూజగదిలో రెండూ పక్కపక్కనే ఉండటంతో ఒకటే అనిపిస్తాయి. కాబట్టి పక్కన ఇచ్చిన మూలపదం చూసి గాని అర్థం ఎత్తి రాసుకోకూడదు.

బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. చికాగో విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో పెట్టింది మాత్రం 1903 నాటి సవరించిన కూర్పు, దాని సంపాదకుల్లో కందుకూరి వీరేశలింగం ఒకరు. ‘బ్రౌన్ ఇలా అన్నాడు’ అని రాసేముందు ఏ కూర్పో చూసుకోవాలి.

పాత నిఘంటువులు తీర్చని లోటు వాడుక. ఏ ప్రత్యయం పెట్టాలో వాటిలో వెతికి లాభం లేదు. దేవుడి మీద భక్తి, గురువు పట్ల భక్తి అంటాం. ‘హనుమంతుడి భక్తి’ అంటే హనుమంతుడికి రాముడి మీద ఉన్నది. హనుమంతుణ్ణి కొలిచేవాడి భక్తి కావాలంటే ‘హనుమద్భక్తి’ అని సమాసం చెయ్యాలి, లేదా ‘మీద’ పెట్టాలి. శివభక్తి, పతిభక్తి, దేశభక్తి అన్నీ ఈ తీరే, ముందున్న మాట భక్తి అందుకునేది. తెలుగు నేర్చుకునే పిల్లలు, ముఖ్యంగా విదేశాల్లో పెరిగినవాళ్లు, సరిగ్గా ఇక్కడే తడబడతారు.

‘భయభక్తులు’ ఎప్పుడూ బహువచనమే. భయమూ భక్తీ కలిసిన ద్వంద్వ సమాసం అది, అందులో ‘భక్తులు’ అంటే మనుషులు కారు. ముక్కలు చేసి వెతికితే భయపడే భక్తజనం అనే తప్పుడు అర్థం చేతికొస్తుంది. తెలుగు బైబిల్లో యోబు గురించి చెప్పిన ‘భయభక్తులు’ కూడా ఈ జంటపదమే. ‘భక్తిశ్రద్ధలు’ కూడా ఇలాగే నడుస్తుంది. ఇలాంటి జంటపదాలను ముందు కలిపే వెతకండి, దొరక్కపోతేనే విడగొట్టండి.

భక్తి పాటలు, భక్తి చానళ్లు అన్నప్పుడు ఈ మాట ఒక రకానికి పేరయింది. ఈ వాడుక కోసం 1885 నాటి పుస్తకాన్ని అడగడం అన్యాయం. దానికి ఇవాళ్టి పత్రికలే చూడాలి.