లిథియమా, వాల్‌ప్రోయేటా: ఎక్కడ దేనికి టిక్ పెట్టాలి?

మెడికల్ పరీక్షలో బైపోలార్ (మేనియా అనే అతి ఉత్సాహం, డిప్రెషన్ మారుతూ వచ్చే జబ్బు) మీద ప్రశ్న వస్తే ఆప్షన్లలో ఈ రెండూ దాదాపు పక్కపక్కనే ఉంటాయి. రెండూ మూడ్ స్టెబిలైజర్లే (మనఃస్థితిని నిలకడగా ఉంచే మందులే), రెండూ మేనియాను తగ్గించేవే. "బైపోలార్ అంటే లిథియం" అని బట్టీ కొట్టి వెళ్లినవాళ్లు తేలిక ప్రశ్నల్లో గట్టెక్కుతారు, అసలు ప్రశ్నలో దొరికిపోతారు. ఎందుకంటే అక్కడ జవాబు చెప్పేది జబ్బు పేరు కాదు. రోగి కిడ్నీలు, లివర్, గర్భం, ఇప్పటికే వాడుతున్న మందులు.

ఈ ఆధారాలేవీ ఇవ్వకుండా, మామూలు మేనియా మళ్లీ మళ్లీ రాకుండా ఏది మేలు అంటే నా ఓటు లిథియంకే. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ మేనియాలో దీని గుణం చెప్పాక ఎన్ని మందులొచ్చినా దీన్ని పక్కకు నెట్టలేకపోయాయి. 2010లో వచ్చిన, ఈ రెండింటినీ పోల్చిన బ్యాలెన్స్ ట్రయల్‌లోనూ, వాల్‌ప్రోయేట్ ఒక్కటే ఇచ్చినవాళ్లకన్నా లిథియం ఇచ్చినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తగ్గింది. ఆత్మహత్య ముప్పు తగ్గిస్తుందనే పేరున్న మూడ్ స్టెబిలైజర్ కూడా ఇదే. ప్రశ్నలో ఉల్లాసంతో కూడిన మేనియా, మధ్యలో పూర్తిగా మామూలుగా ఉండటం, ఇంట్లో మరొకరికి లిథియంతో నయమవడం కనిపిస్తే ఇక ఆలోచించకండి.

కానీ ఈ మందుతో పని కత్తి మీద సాము. పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య జాగా చాలా తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండాలి, 1.5 దాటితే టాక్సిసిటీ (విషప్రభావం) మొదలు. శాంపిల్ చివరి డోసు వేసుకున్న 12 గంటలకు తీయాలి. డోసు మార్చాక స్థిరపడటానికి అయిదు రోజులు పడుతుంది, కాబట్టి మర్నాడే లెవెల్ చూసి డోసు పెంచారన్న ఆప్షన్ తప్పు. చేతుల్లో సన్నని వణుకు మామూలు సైడ్ ఎఫెక్టే, దానికి ప్రొప్రనలాల్ ఇస్తారు. ముతక వణుకు, నడక తూలడం, వాంతులు, మాట తడబడటం కనిపిస్తే అది టాక్సిసిటీ. ఎగ్జామినర్లకు ఈ తేడా అంటే ప్రాణం.

లిథియంకి లివర్‌తో పనిలేదు, బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీలోని ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ (వడకట్టినదాన్ని తిరిగి పీల్చుకునే సన్న గొట్టం) దాన్ని సోడియంలాగే చూస్తుంది. ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గినప్పుడు సోడియంతో పాటు దీన్నీ వెనక్కి లాగేసుకుంటుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే జాబితా అంతా దానంతటదే వస్తుంది: విరేచనాలు, థయజైడ్లు (మూత్రం ఎక్కువచేసే బీపీ మాత్రలు), ఏసీఈ ఇన్హిబిటర్లు (మరో రకం బీపీ మాత్రలు), ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, అన్నీ లెవెల్‌ను పెంచేవే. బీపీకి కొత్తగా మాత్ర మొదలుపెట్టిన రోగి తూలుతూ వచ్చాడంటే ముందు లిథియం లెవెల్ చూడాలి. ఓవర్‌డోస్‌లో యాక్టివేటెడ్ చార్‌కోల్ (పొట్టలోని విషాన్ని పట్టుకునే బొగ్గుపొడి) ఆప్షన్‌ వల, లిథియం దానికి అంటుకోదు. తీవ్రమైతే హీమోడయాలసిస్.

దీర్ఘకాలంలో హైపోథైరాయిడిజం, కాల్షియం పెరగడం, నెఫ్రోజెనిక్ డయాబెటిస్ ఇన్సిపిడస్ (కిడ్నీ నీటిని నిలపలేక మూత్రం అతిగా పోవడం) చూస్తాం. చివరిదానికి అమిలోరైడ్ ఇస్తారు, కిడ్నీలోని కలెక్టింగ్ డక్ట్ కణాల్లోకి లిథియం దూరే సోడియం చానెల్‌ను అది మూసేస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్, కాల్షియం, పిల్లలు కనే వయసు మహిళలైతే ప్రెగ్నెన్సీ టెస్ట్.

వాల్‌ప్రోయేట్ గెలిచేది ఇక్కడే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకూ, మిక్స్‌డ్ ఎపిసోడ్‌లకూ (మేనియా, డిప్రెషన్ లక్షణాలు ఒకేసారి కనిపించేవాటికీ), మూర్ఛ కూడా ఉన్నవాళ్లకూ అదే సులువు. లిథియం పని మొదలవడానికి వారమో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. వాల్‌ప్రోయేట్‌ను కిలో బరువుకు 20 నుంచి 30 మిల్లీగ్రాముల లోడింగ్ డోసుతో (మొదట్లోనే ఇచ్చే పెద్ద మోతాదుతో) ఇచ్చి త్వరగా ఫలితం రాబట్టొచ్చు. లెవెల్ మిల్లీలీటరుకు 50 నుంచి 125 మైక్రోగ్రాములు, లిథియంకన్నా నిశ్చింత. దీని బాధ లివర్, పాంక్రియాస్, ప్లేట్‌లెట్లు. మత్తుగా, అయోమయంగా ఉన్న రోగికి లివర్ టెస్టులు నార్మల్ వచ్చినా వదలొద్దు, అమ్మోనియా చూడండి.

ర్యాపిడ్ సైక్లింగ్ దగ్గర కొంచెం చికాకు. 12 నెలల్లో నాలుగు లేదా అంతకుమించి ఎపిసోడ్లుంటే ఆ పేరు. పాత ఆన్సర్ కీల్లో దీనికి వాల్‌ప్రోయేట్ అనే ఉంటుంది, రెండింటినీ నేరుగా పోల్చిన ట్రయల్‌లో మాత్రం అది మేలని తేలలేదు. ఆప్షన్లలో థైరాయిడ్ పరీక్ష గానీ, యాంటీడిప్రెసెంట్ ఆపడం గానీ ఉంటే నేను ముందు వాటినే చూస్తాను. మందు పేర్లే ఉంటే పాత కీకే తలవంచడం మంచిది, మార్కుల దగ్గర పౌరుషం ఎందుకు?

గర్భం విషయానికొస్తే రెండూ మంచివి కావు, కానీ సమానంగా చెడ్డవీ కావు. లిథియంకి ఎబ్స్‌టీన్ అనామలీ (బిడ్డ గుండె కవాటంలో లోపం) అని అందరూ చెప్తారు, అది నిజానికి అరుదు. వాల్‌ప్రోయేట్‌తో పుట్టిన పిల్లల్లో వందలో సుమారు పదిమందికి ఏదో ఒక పెద్ద లోపం, వందలో ఒకరిద్దరికి న్యూరల్ ట్యూబ్ డిఫెక్ట్ (మెదడు, వెన్నుపాము సరిగా మూసుకోకపోవడం), పైగా ఐక్యూ తగ్గడం. "ఏది అస్సలు ఇవ్వకూడదు" అంటే వాల్‌ప్రోయేటే.

లామోట్రిజిన్ మూడో ఆప్షన్‌గా వస్తే డిప్రెషన్ వైపు ఎక్కువగా ఉన్న బైపోలార్‌కి గుర్తుంచుకోండి, అక్యూట్ మేనియాకి పనికిరాదు. స్టీవెన్స్ జాన్సన్ (చర్మం ఊడిపోయే ప్రమాదకర రియాక్షన్) భయంతో వారాల తరబడి మెల్లగా పెంచుతారు. పక్కన వాల్‌ప్రోయేట్ ఉంటే దీని లెవెల్ రెట్టింపవుతుంది, డోసు సగం చేయాలి. కార్బమజపిన్ వెనక వరస: సోడియం పడిపోవడం, హెచ్‌ఎల్‌ఏ-బి 1502 (ఈ జన్యురకం ఉంటే స్టీవెన్స్ జాన్సన్ ముప్పు), అగ్రాన్యులోసైటోసిస్ (తెల్ల రక్తకణాలు బాగా పడిపోవడం), అంతే.

ఇక వార్డులో అరుస్తూ, మీదికొస్తున్న మేనియా రోగికి వెంటనే ఏమిస్తారని అడిగితే పైవేవీ కావు. ఇంజెక్షన్ యాంటీసైకోటిక్ లేదా లోరాజెపామ్.