కోఠిలో ‘లైఫ్‌టైమ్ లైసెన్స్’ సర్క్యూట్ సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్ కొనకండి

మినీ ప్రాజెక్టు సామాను కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళే పిల్లలు, నాలాగా ఆదివారాలు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చునేవాళ్ళు దయచేసి ఇది చదవండి. సర్క్యూట్ డయాగ్రమ్‌లు గీసే సాఫ్ట్‌వేర్ అంటూ పెన్‌డ్రైవ్‌లు అమ్ముతున్నారు. నేను 1,500 రూపాయలు పెట్టి ఒకటి కొన్నాను. డబ్బు పోయిందన్న బాధ కంటే రెండు నెలల పని పోయిందన్న బాధే ఎక్కువగా ఉంది.

మా అపార్ట్‌మెంట్‌లో మోటార్ వేసి మర్చిపోవడం రోజూ జరిగేదే. ట్యాంకు నిండి నీళ్ళు గోడ మీదుగా కారిపోతుంటాయి, అదే మనం ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఫోన్లు చేస్తుంటాం. అందుకే నీళ్ళు ఎంతవరకు వచ్చాయో లైట్లతో చూపించి, నిండగానే మోగే అలారం చేద్దామనుకున్నాను. బీసీ547 ట్రాన్సిస్టర్లు, ఒక 555 టైమర్, బజర్, పాత 5 వోల్టుల ఫోన్ ఛార్జర్, అంతే. ఇన్నాళ్ళూ కాగితం మీదే గీసుకునేవాణ్ణి. ఈసారి శుభ్రంగా కంప్యూటర్‌లో గీసి, పక్క బ్లాకుల వాళ్ళకూ చేసివ్వాలనుకున్నాను.

రెసిస్టర్లు కొంటుంటే షాపతను ఆ పెన్‌డ్రైవ్ చూపించాడు. చాలా ఈజీ, ఇంటర్నెట్ అక్కర్లేదు, ఒకసారి కొంటే లైఫ్‌టైమ్ అన్నాడు. బిల్లు అడిగితే చీటీ మీద మొత్తం రాసిచ్చాడు. ఇంటికొచ్చి పెడితే మొదటి మాటే యాంటీవైరస్ ఆపేయమని. నేను ఆపేశాను. మీరు మాత్రం ఆ మాట కనిపించగానే పెన్‌డ్రైవ్ పీకేయండి. అసలైన సాఫ్ట్‌వేర్‌కి ఆ అవసరం ఉండదు.

గీయడం నిజంగానే తేలిగ్గా ఉంది, ఆ మాట చెప్పాలి. రెండు సాయంత్రాల్లో డయాగ్రమ్ అయిపోయింది. దాని నుంచే బోర్డు లేఅవుట్ తీసి, ప్రింట్‌ను రాగి బోర్డు మీద ఇస్త్రీ పెట్టెతో దించి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ఎచింగ్ చేసి (అక్కర్లేని రాగిని కరిగించి) నాలుగు బోర్డులు తయారు చేశాను. టేబుల్ మీద వైర్లు ఒకదానికొకటి తాకిస్తే ఎల్‌ఈడీలు సన్నగా వెలిగాయి. ట్యాంకులో దించితే ఒక్కటీ వెలగలేదు. నాలుగు బోర్డులూ అంతే.

తప్పు నాదే అనుకున్నాను. సోల్డరింగ్ మళ్ళీ చేశాను, రెసిస్టర్లు మార్చాను, ట్యాంకులో వైర్లు మార్చాను. మూడు ఆదివారాలు పోయాక ట్రాన్సిస్టర్ డేటాషీట్ (తయారీ కంపెనీ ఇచ్చే వివరాల కాగితం) పక్కన పెట్టుకుని చూస్తే విషయం తెలిసింది. బీసీ547 చదునైన ముఖం మన వైపు, కాళ్ళు కిందికి పెట్టి చూస్తే ఎడమ నుంచి మూడు కాళ్ళ వరుస కలెక్టర్, బేస్, ఎమిటర్. ఆ సాఫ్ట్‌వేర్ బోర్డు మీద వేసింది ఎమిటర్, బేస్, కలెక్టర్. అది 2ఎన్3904 అనే వేరే ట్రాన్సిస్టర్ వరుస. కలెక్టర్, ఎమిటర్ తారుమారైనా ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆగిపోదు, కానీ గెయిన్ (చిన్న కరెంటును పెంచే శక్తి) బాగా పడిపోతుంది. వైర్లు నేరుగా తాకించినప్పుడు బేస్‌కి వెళ్ళిన కరెంటు సరిపోయింది, నీళ్ళ గుండా వచ్చే కొద్ది కరెంటు సరిపోలేదు. తప్పు తొందరగా దొరకనిది అందుకే. ట్రాన్సిస్టర్లన్నీ పీకి వెనక్కి తిప్పి పెట్టాను, నాలుగూ పనిచేశాయి.

ఆ డ్రాయింగ్ సరిచేద్దామని మళ్ళీ తెరిస్తే ‘లైసెన్స్ చెల్లదు’ అని వచ్చింది. కొని రెండు నెలలు కూడా నిండలేదు. ఆ ఫైళ్ళు ఇంకే సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకోవు. బోర్డు చేసే కంపెనీలు అడిగే గెర్బర్ ఫైళ్ళు అందులో వచ్చే దారే లేదు. నాకు మిగిలింది ఒక ప్రింటవుట్. షాపుకి వెళ్తే “సాఫ్ట్‌వేర్‌కి రిటర్న్ ఉండదు సార్” అని ఇంకో కస్టమర్ వైపు తిరిగాడు. సరైన బిల్లు ఉంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో గట్టిగా అడగగలిగేవాణ్ణి. చీటీ మీద షాపు పేరు కూడా లేదు.

ఇప్పుడు కీక్యాడ్ అనే సర్క్యూట్ సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచి గీస్తున్నాను. 1992లో ఫ్రాన్స్‌లో మొదలైంది, పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థ కూడా దాన్ని పెంచడానికి సాయం చేసింది. డౌన్‌లోడ్ పెద్దదే, మొదటి వారం కొంచెం తికమకగా ఉంటుంది. కానీ కలపకుండా వదిలేసిన పిన్‌లను అదే పట్టి చూపిస్తుంది, గెర్బర్ ఇస్తుంది, ఫైళ్ళు నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకునే మామూలు టెక్స్ట్. అందులో బీసీ547 పిన్‌లు సరిగ్గానే ఉన్నాయి, అయినా నేను డేటాషీట్‌తో పోల్చాకే బోర్డు వేస్తున్నాను. స్కూలు పిల్లలకైతే బ్రౌజర్‌లోనే నడిచే టింకర్‌క్యాడ్ చాలు, అదీ ఉచితమే.

డబ్బు కట్టి పేరున్న సాఫ్ట్‌వేర్ కొనుక్కున్నా ఫైళ్ళ సంగతి ముందే చూసుకోండి. సర్క్యూట్లు గీసే ఈగిల్ సాఫ్ట్‌వేర్‌ను ఎంతమంది వాడారో మనకు తెలుసు. 2016లో అది ఆటోడెస్క్ కంపెనీ చేతికి వెళ్ళింది, 2026 జూన్ 7తో ఆపేస్తామని వాళ్ళే ప్రకటించారు. ఈగిల్ ఫైళ్ళను కీక్యాడ్ తీసుకుంటుంది కాబట్టి అది వాడినవాళ్ళకు దారి ఉంది. నా పెన్‌డ్రైవ్ ఫైళ్ళకు ఆ దారి కూడా లేదు.

ఇలాంటి పెన్‌డ్రైవ్ ఇప్పటికే పెట్టినవాళ్ళు ముందు ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటున్నప్పుడే డ్రాయింగులన్నీ ప్రింట్ తీసుకోండి. తర్వాత దాన్ని తీసేసి, యాంటీవైరస్ ఆన్ చేసి కంప్యూటర్ మొత్తం స్కాన్ చేయండి. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో మార్చండి. నేను ఆ రాత్రే మార్చాను.