గదికంటే ముందు ప్లగ్గు: పాత మారుతి 800లో అరకు

లాడ్జి కౌంటర్ దగ్గర అందరూ గది అద్దె అడుగుతారు, వేడినీళ్ళు వస్తాయా అని అడుగుతారు. మా బావ మాత్రం "ఏసీ పాయింటుకి ఎర్తింగ్ ఉందేటండీ?" అని అడిగాడు. మేనేజరు ఒక నిమిషం మా మొహాలు చూసి, "మీరు కరెంటాఫీసు వాళ్ళా సార్?" అన్నాడు. అరకులో మా మొదటి సాయంత్రం అది.

బండి సంగతి చెప్పాలి. బావది పాత మారుతి 800. ఇంజను పోయాక తుక్కుకి ఇవ్వడానికి మనసొప్పలేదు. ఆమోదం ఉన్న ఎలక్ట్రిక్ కిట్టు గుర్తింపున్న షెడ్డులోనే బిగించారు గానీ, సెలవులన్నీ అక్కడే గడిపి నట్లు బిగించడంలో చేయి పెట్టింది మేమిద్దరం. ఆర్సీలో పెట్రోలు పోయి ఎలక్ట్రిక్ వచ్చింది, పచ్చ నంబరు ప్లేటు ఎక్కింది. డిక్కీలో 24 ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ సెల్స్, వరసగా కలిపితే 76.8 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు. అంటే 15 యూనిట్ల చిల్లర. ఇంజను లేకపోతే, బ్రేకు తొక్కడం తేలిక చేసే బ్రేక్ బూస్టరుకి వాక్యూమ్ ఉండదు కాబట్టి దానికో చిన్న ఎలక్ట్రిక్ పంపు. గేర్‌బాక్స్ పాతదే. ఎలక్ట్రిక్ బండికి గేర్లెందుకని నవ్వినవాళ్ళున్నారు. ఘాట్‌లో తెలిసింది ఎందుకో.

విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మేమిద్దరం, సామానుతో కలిపి బండి బరువు 920 కిలోలు. అంత బరువుని కిలోమీటరు ఎత్తు ఎక్కించడానికి, రోడ్డు రాపిడీ మోటారు నష్టాలూ పక్కనపెడితే, రెండున్నర యూనిట్లు కావాలి. మైదానంలో కిలోమీటరుకి 85 నుంచి 90 వాట్ అవర్లు తింటుంది (వెయ్యి వాట్ అవర్లైతే ఒక యూనిట్). అన్నీ కూడితే బ్యాటరీ నిండుగా ఉన్నా అరకు చేరేసరికి అడుగంటుతుంది. పోనీ దారిలో ఫాస్ట్ చార్జర్ దొరికినా మాకు అక్కరకు రాదు. ఆ చార్జర్లు ఎత్తైన వోల్టేజీ ఉన్న కంపెనీ బళ్ళకి. మా బ్యాటరీ ప్యాకు వాటి కనిష్ఠ వోల్టేజీకి కూడా అందదు. మాకు దిక్కు 16 ఆంపియర్ల మూడు కన్నాల ప్లగ్గే.

అందుకే పెందుర్తి, కొత్తవలస దాటి ఎస్.కోటలో (శృంగవరపుకోట) ఆగాం. బస్టాండుకి కాస్త దూరంలో ఒక టిఫిన్ హోటల్. గ్రైండర్ పెట్టిన చోట ప్లగ్గుంది. "గంటసేపు వాడుకుంటాం, యూనిట్‌కి ఎంతంటే అంత ఇస్తాం" అన్నాం. యజమాని బయటికొచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, సైలెన్సర్ ఉండాల్సిన చోటికి వంగి చూసి, "లాక్కో బాబూ" అన్నాడు. పెసరట్టు, ఉప్మా తిని, రెండో టీ కూడా అయ్యేసరికి రెండున్నర యూనిట్లు ఎక్కాయి. వంద ఇస్తే యాభై వెనక్కిచ్చాడు. ఈ యాత్రలో సేవకి మొదటి మార్కు ఆ హోటలుకే వేస్తాను. చట్నీ కాస్త పలచనే అయినా.

కాశీపట్నం దాటాక కొండ మొదలు. తైడ వరకూ హుషారుగా ఎక్కింది. తర్వాత మలుపుల్లో బస్సు వెనక పడి మూడో గేరులో నిదానంగా పోతుంటే మోటారుకి కరెంటు కొలిచి అందించే కంట్రోలర్ వేడి 70 డిగ్రీలు దాటింది. మోటారు నెమ్మదిగా తిరుగుతూ బరువు లాగితే కరెంటు ఎక్కువ పీల్చుకుంటుంది, పీల్చిన కరెంటే వేడి. రెండో గేరు వేశాక మోటారు గట్టిగా తిరిగింది, ఆంపియర్లు తగ్గాయి, వేడి నిలబడింది. నవ్వినవాళ్ళకి ఆ మీటరు ఫోటో తీసి పంపాం.

అయినా గాలికొండ వ్యూపాయింట్ దగ్గర బండి ఆపక తప్పలేదు. నిజం చెప్పాలంటే అక్కడ ఆగింది లోయ కోసం కాదు, కంట్రోలర్ చల్లారడానికి. బానెట్ ఎత్తి, కాఫీ తాగుతూ నిలబడితే లోయ దానంతటదే కనబడింది. మబ్బు మా కాళ్ళ కింద ఉంది. అన్ని వ్యూపాయింట్లలోనూ నాకు నచ్చింది ఇదే. ఆదివారాలు మాత్రం వద్దు, బండి పెట్టుకునే చోటు దొరకదు.

అరకు ఊళ్ళోకి దిగేసరికి 5 యూనిట్లు మిగిలాయి. మొదటి రాత్రి ఊరి నడిబొడ్డున ఒక లాడ్జి. గది శుభ్రం, దుప్పట్లు దళసరి, వేడినీళ్ళు బకెట్లలో తెచ్చిస్తారు. కానీ మా టెస్టరు పెడితే ఎర్త్ లైటు వెలగలేదు. మూడో కన్నం కేవలం అలంకారానికి. చార్జరు ఎర్ర దీపం చూపించి మొరాయించింది. "ఫోన్లు ఎక్కుతున్నాయి కదా సార్" అంటాడు మేనేజరు. చార్జర్ని మోసం చేసి ఎక్కించే అడ్డదారులు లేకపోలేదు. చేయకూడదు. ఎర్త్ లేకుండా కరెంటు లీకైతే బండి ముట్టుకున్నవాళ్ళకి షాకే. ఇనప బండి, వాన తడి, పక్కన ఆడుకునే పిల్లలు. చివరికి బోరు మోటారు గదిలో ఎర్త్ ఉన్న పాయింటు దొరికింది. అక్కడ సాయంత్రం వోల్టేజీ 175, ఉండాల్సింది 230. చార్జరు ఆగుతూ సాగుతూ తెల్లారేసరికి సగం పనే చేసింది. ఎంత ఎక్కినా ఎక్కకపోయినా బిల్లులో మాత్రం 'కార్ కరెంట్ 300' అని ప్రత్యేకంగా వేశారు.

మర్నాడు పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం చూశాం. తోట పిల్లలతో వెళ్ళేవాళ్ళకి బాగుంటుంది, మాకు గంట చాలు. మ్యూజియంలో ఇళ్ళ నమూనాల దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాం. రోడ్డు పక్క బొంగులో చికెన్ బాగుంది. కానీ మీ కళ్ళముందు బొంగు నిప్పుల్లో పెట్టించుకోండి, ముందే కాల్చి ఉంచినది పీచులా ఉంటుంది.

రెండో రాత్రికి ఊరికి దూరంగా ఒక ఇంట్లో గది దొరికింది. పెంకుటిల్లు, చుట్టూ కాఫీ మొక్కలు, చెట్లకి పాకిన మిరియాల తీగ. స్నానాల గది బయట, చలిలో పది అడుగులు నడవాలి. అయినా గది చూడకుండానే బావ ఒప్పేసుకున్నాడు. ఎందుకంటే ఆ ఇంట్లో కాఫీ పళ్ళ తొక్క తీసే మిషను ఉంది. మోటారు నడిచే చోట ఎర్తింగ్ సరిగా ఉండి తీరుతుందని వాడి లెక్క. ఉంది కూడా. పెరట్లో గొయ్యి తీసి, ఉప్పు, బొగ్గు పోసి, పైపు దింపారు. ఎండాకాలంలో ఇంటావిడ ఆ గుంటలో రోజూ ఒక చెంబు నీళ్ళు పోస్తుందట. టెస్టరు పెడితే దీపాలు సవ్యంగా వెలిగాయి. వోల్టేజీ 218.

"రాత్రంతా పెడితే మా ఫ్రిజ్జుకంటే ఎక్కువ తింటాదా?" అని అడిగింది ఆవిడ. చాలా ఎక్కువే అని నిజం చెప్పి, మీటరు రీడింగు ఆవిడ ముందే రాసుకుని, ఉదయం తేడా లెక్కగట్టి ఇచ్చాం. ఆవిడ ఇచ్చిన కాఫీకి మాత్రం డబ్బులు తీసుకోలేదు.

బ్యాటరీ 80 శాతం దగ్గర ఆగేలా టైమరు పెట్టాం. కొండ మీద బస చేసే ఎలక్ట్రిక్ బండివాళ్ళు ఇదొక్కటి మరిచిపోవద్దు. నిండుగా ఎక్కించి కిందికి దిగితే, బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటుకి బ్యాటరీలో చోటుండదు. బ్యాటరీకి కాపలా కాసే సర్క్యూటు, బీఎంఎస్, సెల్స్‌ని కాపాడ్డానికి ప్యాకుని తెంపేస్తుంది. సరిగ్గా హెయిర్‌పిన్ మలుపులో ఆ రీజెన్ పట్టు (కరెంటు పుట్టిస్తూ మోటారే బండిని ఆపే పట్టు) చటుక్కున పోతే ఎలా ఉంటుందో ఒకసారి సింహాచలం కొండ దిగుతూ మేం చూశాం. రెండోసారి అక్కర్లేదు.

తిరుగుదారిలో బొర్రా గుహలు. గోస్తని నది నీళ్ళు వేలవేల ఏళ్ళు సున్నపురాయిని కరిగించి తొలిచిన ఆ గుహలోకి వెళ్ళడానికి ప్రధాన రోడ్డు వదిలి బాగా కిందికి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. పోనురానూ దాదాపు 2 యూనిట్లు ఖర్చు. వాటికి తగిన చోటే. లోపల రంగు దీపాలే నాకు నచ్చలేదు, రాయికి ఉన్న రంగు చాలు కదా. పైన రైలు వెళ్తే లోపలికి సన్నగా అదురు వినిపించింది. కిరండూల్ లైను అది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల ఇనప ఖనిజం నింపుకున్న గూడ్సులు ఈ కొండల మీదుగా విశాఖకి దిగుతాయి. త్రీ ఫేజ్ మోటార్లున్న కరెంటు ఇంజనైతే దిగేటప్పుడు పుట్టిన కరెంటుని పైనున్న తీగలోకి పంపిస్తుంది. "మనం చేసేదీ అదే బావా, కాకపోతే మన గూడ్సులో రెండు బ్యాగులే" అన్నాడు బావ.

అనంతగిరి నుంచి కొండ అడుగుకి వచ్చేసరికి మీటర్లో అర యూనిట్ పెరిగింది. బావ ఆ అంకెని ముగ్గురికి ఫోన్ చేసి చెప్పాడు.

ఇంటిదాకా సరిపడా ఉన్నా ఎస్.కోటలో ఆగాం. మమ్మల్ని చూడగానే హోటలాయన గ్రైండరు ప్లగ్గు పీకేసి, వైరు ఇవ్వమన్నట్టు చేయి చాపాడు. ఈసారి ఆకలి మాకే అని చెప్పి లోపలికెళ్ళి కూర్చున్నాం.