చెల్క, దుబ్బ, రేగడి: నాలుగెకరాలు కొనేవాళ్లకు ఏది మేలు?

మా బామ్మర్ది పోయిన నెల ఫోన్ చేసి ఒకటే మాట అడిగాడు. "బావా, నల్లభూమి తీసుకోవాలా, ఎర్రభూమి తీసుకోవాలా?" హైదరాబాద్‌లో పదిహేనేళ్లు ఉద్యోగం చేసి కొంత వెనకేసుకున్నాడు, ఇప్పుడు నాలుగెకరాలు కొనాలని తిరుగుతున్నాడు. మూడు బిట్లు చూశాడు. ఒకటి తాండూరు వైపు నల్లరేగడి, రెండోది మా పాలమూరు వైపు ఎర్ర చెల్క, మూడోది అదే ఊళ్లో గుట్టను ఆనుకుని ఉన్న ఇసుక దుబ్బ. దుబ్బ చాలా చవకకు వస్తోందని వాడి మనసు అటే లాగుతోంది. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో తేలే సంగతి కాదు, పైగా ఇదే ప్రశ్న అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నేను చెల్కలో పెరిగినవాణ్ణి, మా అత్తగారి ఊరు రేగడి. రెండింటిలోనూ నాగలి వెనక నడిచాను కాబట్టి నా మాటలో చెల్క మీద ప్రేమ కొంచెం ఎక్కువ కనబడితే అది నిజమే, దాచను. కానీ లెక్కలు మాత్రం లెక్కల్లాగే చెబుతాను.

ముందు ఈ మట్టి ఎక్కడిదో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. తెలంగాణలో ఎటు పోయినా కనబడే గ్రానైటు బండలు, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు, ఇవన్నీ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. ఆ రాయిలో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం ప్రధానంగా ఉంటాయి. ఎండకూ వానకూ ఫెల్డ్‌స్పార్ మెల్లగా కుళ్లి బంకమట్టిగా మారుతుంది, నల్ల అభ్రకంలో ఉన్న ఇనుము తుప్పు పట్టి మట్టికి ఎరుపు తెస్తుంది, పలుగురాయి మాత్రం కరగదు, ముక్కలై ఇసుకగా మిగిలిపోతుంది. చెల్క అంటే ఇదే, రాయి ఉన్నచోటే కుళ్లి నేలయింది. మట్టి కింద తవ్వితే మొరం, మొరం కింద సగం కుళ్లిన రాయి, దాని కింద అసలు బండ వరసగా కనబడతాయి.

రేగడి కథ వేరే. అది ఎక్కువగా బసాల్టు నుంచి, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద దక్కన్‌లో పారిన లావా గడ్డకట్టిన రాయి నుంచి వచ్చింది. ఆ రాయిలో పలుగురాయి లేదు, అందుకే రేగడిలో గరగరలాడే ఇసుక దాదాపు ఉండదు. వంద పాళ్లలో సగానికి అటూ ఇటూ బంకమట్టే. అది కూడా నీళ్లు తాగితే ఉబ్బి, ఎండితే ముడుచుకుపోయే రకం, వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చేది అందుకే. చెల్కలో ఉన్న బంకమట్టి అలా ఉబ్బదు, నీళ్లనూ ఎరువునూ అంత గట్టిగా పట్టుకోదు. రంగు కంటే ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, రైతు పడే పాట్లన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

దుబ్బ మరి? అది చెల్కకు అన్న లాంటిది. గ్రానైటు గుట్ట మీద వాన పడినప్పుడు సన్నమట్టి నీళ్లతో కిందికి జారిపోతుంది, బరువైన ఇసుక పైనే ఉండిపోతుంది. గుట్ట పాదాన మిగిలిన ఆ ముతక మట్టే దుబ్బ. కొంచెం కిందికి దిగితే చెల్క, ఇంకా కిందికి దిగితే మట్టి నల్లబడి జిగటగా మారుతుంది, అక్కడే చెరువు, చెరువు కింద తరి పొలాలు. మన ఊళ్లలో పైన ఖుష్కి (వాన మీద సాగే మెట్ట), కింద తరి (నీళ్లు పారే మాగాణి) అని భూములు ఏర్పడటానికి ఇది పెద్ద కారణం. అంటే ఒకే ఊళ్లో, ఒకే రాయి నుంచి, అర కిలోమీటరు నడిచేలోపు మూడు రకాల నేలలు దాటతాం. కాబట్టి "ఈ ఊరి భూములు ఎలాంటివి" అని అడగడం కంటే "ఈ బిట్టు వాలులో ఎక్కడుంది" అని అడగడం తెలివైన పని.

ఇప్పుడు నీళ్ల లెక్క. నా దృష్టిలో అసలు పోటీ ఇక్కడే. రెండడుగుల లోతున్న చెల్క బాగా నానితే పైరుకు అందేలా సుమారు 60 మిల్లీమీటర్ల నీళ్లు దాచుకుంటుంది. ఎకరానికి ఒక మిల్లీమీటరు అంటే దగ్గర దగ్గర 4 వేల లీటర్లు, అంటే 60కి రెండున్నర లక్షల లీటర్ల కింద లెక్క. ఎదిగిన పైరు రోజుకు 4, 5 మిల్లీమీటర్లు తాగుతుంది. అంటే వాన మొహం చాటేసిన పన్నెండో రోజుకో పదిహేనో రోజుకో చెల్కలో పైరు వాడిపోతుంది. ఐదారడుగుల లోతున్న రేగడి 200 మిల్లీమీటర్ల దాకా దాచుకోగలదు. అది నలభై రోజుల తిండి. ఆగస్టులో మూడు వారాలు వానలు ఆగిపోవడం మనకు కొత్త కాదు, అప్పుడు మా అత్తగారి కంది చేను పచ్చగా నిలబడి ఉంటే మా చేను ఆకులు ముడుచుకుని ఉండేది. ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది. దుబ్బ గురించి చెప్పనక్కర్లేదు, వారం గడిస్తే ఆకాశం వైపు చూడటమే.

ఇంతవరకే చదివితే రేగడే గెలిచినట్టు. కానీ రేగడికీ దాని కష్టం దానికుంది. మొదటి వానకు నీళ్లు నెర్రెల్లోంచి గబగబా దిగిపోతాయి, బాగా నానాక ఆ నెర్రెలు మూసుకుపోయి చుక్క నీరు లోపలికి పోదు, చేను చెరువై కూర్చుంటుంది. పత్తి, కంది వేర్లకు గాలి ఆడదు. ట్రాక్టర్ దిగబడుతుంది, మనిషి కాలు పెడితే చెప్పుకు రెండు కిలోల మట్టి అంటుకుంటుంది, కలుపు తీయడానికి కూలీలు దిగలేరు, వాళ్లు దిగే నాటికి కలుపు పైరును మించి ఉంటుంది. అందుకే లోతైన రేగళ్లలో పాతకాలం రైతులు వానకాలమంతా భూమిని ఖాళీగా వదిలేసి, ఆ తేమ మీదే యాసంగిలో జొన్న, శనగ వేసేవాళ్లు. పటాన్‌చెరులో 1972లో పెట్టిన మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు ఎర్రనేల, నల్లనేల రెండూ ఒకే ఆవరణలో దొరికాయి. అక్కడ వాళ్లు రేగడి కోసం వెడల్పాటి ఎత్తు మడులు, వాటి మధ్య కాలువలు తీసే పద్ధతి మీద చాలా ఏళ్లు పని చేశారు. మడి సుమారు మీటరు, కాలువ అర మీటరు. ఎక్కువైన నీళ్లు కాలువలో పోతాయి, మడి మీద పైరు బతుకుతుంది. రేగడి కొనేవాళ్లు ఈ ఖర్చూ ఈ శ్రమా ముందే లెక్కలో వేసుకోవాలి.

చెల్కలో వాన పడి ఒకరోజు తెరిపి ఇస్తే చాలు, పదునుకు, అంటే దున్ని విత్తడానికి సరిపడా తేమకు వస్తుంది, గొర్రు కట్టేయొచ్చు. ఎన్ని చినుకులు పడ్డా నీళ్లు ఎక్కువసేపు నిలవవు. ఇది చిన్న వరం కాదు. కానీ దీనికి రెండు జబ్బులున్నాయి. ఒకటి, ఎండితే ఇటుకలా బిగుసుకుపోతుంది, వాన పడకముందు దున్నుదామంటే నాగలి దిగదు, పదును దాటిపోతే మళ్లీ వాన దాకా ఆగాల్సిందే. రెండోది ఇంకా చెడ్డది. విత్తనం పడ్డాక ఒక జోరువాన కొట్టి, వెంటనే రెండు రోజులు ఎండ కాసిందనుకోండి, పైమట్టి అట్ట కట్టేస్తుంది. మొలక ఆ అట్టను చీల్చుకుని పైకి రాలేదు, లోపలే వంకర తిరిగి చచ్చిపోతుంది. సజ్జ, జొన్న లాంటి చిన్న గింజలకు ఇది మరీ గండం. ఒక ఏడాది మా నాన్న మూడు రోజుల తేడాలో రెండుసార్లు విత్తనం వేయాల్సి వచ్చింది. అలాంటప్పుడు తేలిగ్గా గుంటుక తోలి అట్ట పగలగొట్టాలి, ఆలస్యమైతే లాభం లేదు. అట్ట కట్టిన చెల్క మీద పడ్డ తర్వాతి వాన కూడా లోపలికి ఇంకకుండా పారిపోతుంది, పోతూ పోతూ పైమట్టిని కూడా తీసుకుపోతుంది.

ఈ పైమట్టి పోవడం గురించి ఇంకో మాట. మంచి చెల్కలో పై జానెడు మట్టి ఇసుకగా ఉంటుంది, దాని కింద ఇంకా ఎర్రగా, ఇంకా జిగటగా ఉన్న పొర ఉంటుంది, ఎందుకంటే వందల, వేల ఏళ్లుగా పై బంకమట్టి నీళ్లతో కిందికి దిగి అక్కడ చేరింది. ఆ కింది పొరే తేమను దాచేది. పైమట్టి కొట్టుకుపోయి ఆ జిగట పొర బయటపడిన భూమి చూడటానికి బలంగా, ఎర్రగా కనిపిస్తుంది, కొనేవాళ్లు మోసపోతారు, కానీ అట్ట కట్టడంలో దాన్ని మించింది ఉండదు. ఈ మధ్య వెంచర్లకూ రోడ్లకూ మొరం తవ్వి అమ్ముకుంటున్నారు, అలా తవ్విన బిట్టును చదును చేసి అమ్మకానికి పెడుతున్నారు. గట్టు కంటే చేను బాగా కిందికి ఉంటే అనుమానించండి. అలాంటి చెల్కను ఎంత చవకగా ఇచ్చినా నేనైతే తీసుకోను.

సారం సంగతికొస్తే రెండూ నత్రజని తక్కువ భూములే. చాలా చెల్కల్లో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపే, భాస్వరం, గంధకం, జింకు, బోరాన్ కూడా చాలాచోట్ల తక్కువే. రేగడిలో సున్నం ఎక్కువ, అందువల్ల జింకు, ఇనుము ఉన్నా మొక్కకు అందవు, ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. తేడా ఏంటంటే రేగడిలో వేసిన ఎరువు కొంతకాలం నిలుస్తుంది, చెల్కలో ఒకేసారి బస్తా యూరియా చల్లితే పెద్దవానకు సగం కిందికి దిగిపోతుంది, కొంచెం కొంచెం రెండు మూడు దఫాలుగా వేయాలి. దుబ్బలో అయితే ఎరువు వేయడం జల్లెడలో నీళ్లు పోయడమే.

కానీ చెల్కకు ఒక మందు ఉంది, అది ఊళ్లోనే ఉంది. చెరువు మట్టి. వాలు మీద నుంచి జారిపోయిన సన్నమట్టంతా చేరేది చెరువులోకే కదా, దాన్ని మళ్లీ చెల్కకు ఎక్కించడం మన పెద్దవాళ్లు తరతరాలుగా చేసిన పని. 2015లో చెరువులు బాగుచేసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక చాలా ఊళ్లలో పూడిక తీసి రైతులు సొంత ట్రాక్టర్లతో తోలుకున్నారు. మేము ఎకరానికి నలభై ట్రిప్పుల దాకా పోశాం. మరుసటి ఏడు పైరు వాడటం నాలుగైదు రోజులు వెనక్కి పోయింది, అట్ట కట్టడం కూడా తగ్గింది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది, చౌడు ఉన్న చెరువు మట్టి అయితే మేలు బదులు కీడు, తోలేముందు మట్టి పరీక్ష చేయించాలి. రేగడిని మార్చాలంటే ఇలాంటి తేలిక దారి లేదు. దాని తీరుకు మనం మారాలి.

పంటల విషయంలో నేను తేల్చి చెబుతాను. బోరు లేదు, వాన మీదే సాగు అంటే లోతైన రేగడి. కంది, శనగ, జొన్న, పత్తి దానికి పుట్టినవి. తాండూరు కందిపప్పు రుచికి పేరు రావడంలో అక్కడి నల్లమట్టి పాత్ర ఉంది, 2022లో ఆ కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొద్దిగా నీళ్లుండి డ్రిప్ వేసుకోగలిగితే చెల్క. మామిడి, బత్తాయి, సీతాఫలం, కూరగాయలు, వేరుశనగ, ఇవన్నీ నీళ్లు నిలవని నేల కోరతాయి. వేరుశనగ ఊడలు మెత్తటి మట్టిలోకి సులువుగా దిగుతాయి, పీకితే కాయలు తెగకుండా పైకి వస్తాయి, రేగడిలో పీకితే సగం కాయలు మట్టిలోనే ఉండిపోతాయి. బత్తాయిని నీళ్లు నిలిచే రేగడిలో పెడితే వేరుకుళ్లు తప్పదు. నల్లగొండ బత్తాయి, పాలమూరు సీతాఫలం ఎర్రనేలల్లో పెరిగాయంటే కారణముంది.

దుబ్బలో ఆముదం, ఉలవ, సజ్జ వస్తాయి. పెట్టిన పెట్టుబడి రావడమే కష్టం. చవక అని తీసుకుంటే ఆ మిగిలిన డబ్బు నాలుగేళ్లలో చెరువు మట్టికీ పశువుల ఎరువుకీ పోతుంది. మేకలు, గొర్రెలు పెంచాలనుకుంటే, నీడ చెట్లు పెట్టుకోవాలనుకుంటే ఆలోచించవచ్చు. నాలుగెకరాలతో ఇల్లు గడవాలంటే మాత్రం వద్దు.

బోరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చెల్క గెలుపంతా దాని మీదే ఆధారపడింది. గ్రానైటు నేలల్లో నీళ్లు ఉండేది కుళ్లిన రాయి పొరలో, దాని కింది పగుళ్లలో. ఆ కింద అంతా పగలని బండే, వెయ్యి అడుగులు దింపినా చాలాసార్లు దుమ్మే వస్తుంది. కుళ్లిన పొర మందంగా ఉన్న బిట్టు అయితే అదృష్టం. పక్క రైతుల బోర్లు ఏప్రిల్‌లో ఎంతసేపు పోస్తున్నాయో అడగండి, ఆగస్టులో చూసి మురిసిపోవద్దు. నల్లగొండ వైపు అయితే తాగడానికి వాడేముందు ఫ్లోరైడ్ పరీక్ష తప్పనిసరి, అది కూడా ఆ గ్రానైటులోంచే నీళ్లలోకి దిగుతుంది.

చేలో చిన్న ఇల్లు కట్టుకునే ఆలోచన ఉంటే ఎర్రనేలే సుఖం. రేగడి ఏటా ఉబ్బి, ముడుచుకుని గోడలు చీలుస్తుంది, పునాదికి ఖర్చు ఎక్కువ.

ఇక మా వాడికి చెప్పింది. ఎరుపు నలుపు పక్కన పెట్టు, లోతు చూడు. అడుగు లోతుకే సుద్దరాయో నాపరాయో తగిలే రేగడి కంటే మూడడుగుల చెల్క నూరు రెట్లు మేలు. ఎరుపు కూడా అంతా ఒకటి కాదు, జహీరాబాద్, వికారాబాద్ వైపు ఎర్రమట్టి లాటరైటుది (వానలకు సారం కొట్టుకుపోయి ఇనుము ఎక్కువగా మిగిలిన రాయి), దాని గుణం వేరే. ప్రతి బిట్టులో పైన, మధ్యలో, కింద మూడు గుంతలు తీయి, మొరం ఎంత లోతులో తగిలిందో కొలువు. మట్టి తడిపి అరచేతిలో పాములా చుట్టు. సన్నగా సాగి వంగితే రేగడి, ఉండ అయ్యి పాములా చుట్టబోతే విరిగితే చెల్క, ఉండ కూడా కట్టకపోతే దుబ్బ. నీళ్ల సీసాలో గుప్పెడు మట్టి వేసి ఊపి పెట్టు, నిమిషంలో అడుగున చేరేది ఇసుక, మర్నాటికి కూడా నీళ్లలో మబ్బులా తేలేది బంకమట్టి.

బోరు ఏప్రిల్‌లో కూడా పోస్తే, గుంత రెండున్నర అడుగులు దాటితే, దగ్గర్లో పూడిక ఉన్న చెరువు ఉంటే చెల్కే తీసుకోమన్నాను. వాడు పండ్లతోట పెడతానంటున్నాడు కాబట్టి ఆ మాట. బోరు పడకపోతే తాండూరు వైపే. దుబ్బకు మాత్రం బయానా ఇవ్వనని మాట తీసుకున్నాను.

ఆదివారం ఇద్దరం వెళ్తున్నాం. గడ్డపార, టేపు, మూడు ఖాళీ సీసాలు తెమ్మని చెప్పాను.